మైలురాయి రంగు మారినచోట

రోడ్డు పక్కన పాతిన కిలోమీటరు రాయిని మనవాళ్ళు నేటికీ మైలురాయి అనే అంటారు. 1956 నాటి కొలతల చట్టం తరువాత మైళ్ళు క్రమంగా కనుమరుగైనా, పేరు మాత్రం ఆ రాతిని విడిచిపోలేదు. ఆ రాతి నెత్తిన పూసిన రంగును గమనించేవారు తక్కువ. పసుపు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నలుపో నీలమో ఉంటే జిల్లా రోడ్డు, నారింజ ఉంటే పల్లె రోడ్డు. అక్షరం రానివాడికి కూడా అర్థం కాగల భాష ఇది. బండి తోలేవాడికి అది చెప్పే సంగతి ఒక్కటే: నీ కింద ఉన్న బాట మారింది, నీ తీరు కూడా మార్చుకో.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడు నుండి టెక్కలికి పాతిక కిలోమీటర్లు దాటని దూరం. ఇసుక మేటలు వేసే రేవు బాట, ఉప్పుమడుల మధ్య గట్టు రోడ్డు, నౌపడా దగ్గర రైలు పట్టాలు, పొలాల మధ్య జిల్లా రోడ్డు, చివరికి చెన్నై-కలకత్తా జాతీయ రహదారి. ఇన్ని రకాల బాటలు ఇంత కొద్ది దూరంలో ఎదురయ్యే చోట్లు అరుదు. మన ప్రాంతంలో బాటల చరిత్ర యావత్తూ ఆ దారిలో పొరలు పొరలుగా పరచుకొని ఉన్నది. ఆ పొరలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, రోడ్డు ప్రమాదమనే మాట వెనుక ఉన్న అసలు విషయం కొంత తెలుస్తుందని నా నమ్మకం.

అన్నిటికన్నా అడుగున ఉన్నది ఉప్పు బాట. నౌపడా ఉప్పు పేరెన్నిక గన్నది. బండి చక్రం తిరగలేని రోజులలో, తీరం నుండి జయపురం, బస్తరు కొండలవైపు ఉప్పును మోసుకుపోయినవి ఎడ్ల వీపులే. వీపుకు అటూ ఇటూ పెరికెలు వేలాడదీసి, లంబాడీల బిడారులు వందల ఎడ్లతో సాగిపోయేవి. ఆ బాటకు రాయీ లేదు, గుర్తూ లేదు. గెడ్డ పొంగితే ఒడ్డున ఆగిపోవడమే రహదారి నియమం. నీరు తగ్గేదాకా రెండు రోజులైనా మూడు రోజులైనా బిడారు కదలదు. ఆ ఓర్పును వాళ్ళకు ఏ చట్టమూ నేర్పలేదు. ఒకసారి ఎడ్లను పోగొట్టుకున్న గుంపు మరుసటి తరానికి దానిని అప్పగించింది.

ఆ పైపొర ఎడ్లబండి బాట. అప్పట్లో ఈ ప్రాంతం గంజాం జిల్లాలో భాగం. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోగా, టెక్కలి ఇటు మిగిలి విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. మద్రాసు నుండి కలకత్తా దిశగా పోయే ఉత్తరపు పెద్దబాట ఈ నేల మీదుగానే సాగింది. బాటకు ఇరుపక్కలా చింతలూ మర్రులూ నాటడం, మజిలీకొక సత్రం కట్టడం ఆనాటి పద్ధతి. 1897లో అచ్చయిన కన్యాశుల్కం లోకంలో ప్రయాణమంటే బండి ప్రయాణమే.

ఎడ్లబండి గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది, అంటే సెకనుకు మీటరు చొప్పున. ఎదురుగా ఏదైనా కనబడితే ఆలోచించడానికి కావలసినంత వ్యవధి. అయినా ఆ కాలంలో జాగ్రత్తలు తక్కువేమీ కాదు. రాత్రిపూట బండి కింద ఇరుసుకు లాంతరు కట్టేవారు. ఎడ్ల మెడలో గంటలు అలంకారం కోసమే కాదు, ఇరుకు మలుపులో ఎదుటి బండికి తెలియడానికి కూడా. బరువు బండి ఎదురైతే ఖాళీ బండి దిగి దారి ఇవ్వాలి. బండివాడు నిద్రపోయినా ఎద్దు మేలుకొనే ఉంటుంది. ఈ చివరి మాటను మీరు గుర్తుంచుకోవాలని మనవి. మోటారు వచ్చాక మనం పోగొట్టుకున్నవాటిలో అది మొదటిది.

మూడవ పొర రైలు. 1893-96 మధ్య ఈస్టుకోస్టు రైలుమార్గం ఈ తీరం వెంట సాగింది. 1900లో నౌపడా నుండి పర్లాకిమిడికి ఆ సంస్థానపు చిన్న రైలు మొదలై, 1931 నాటికి గుణుపురం చేరింది. మన కాలంలో అది బ్రాడ్‌గేజీ అయింది. రైలు ఒక కొత్త క్రమశిక్షణను తెచ్చింది. రైలుకున్న వేగం తనకు లేదని బండివాడు ఒప్పుకోక తప్పదు గనుక, రెండు బాటలు కలిసేచోట గేటు పెట్టారు, కాపలావాణ్ణి పెట్టారు, జెండా ఇచ్చారు. రెండు వేరు వేగాలు ఒకేచోట కలవడమే అపాయమనీ, ఆ కూడలికి ఎవరో ఒకరు బాధ్యత వహించాలనీ రైలువాళ్ళు నూరేళ్ళ కిందటే గ్రహించారు. ఆ గ్రహింపు రోడ్డు దగ్గరకు వచ్చేసరికి సన్నగిల్లింది.

మోటారు సంగతికి వస్తే, ఇంగ్లండులో 1865 నాటి చట్టం ఆవిరి బండి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలని నిర్దేశించింది. ఊళ్ళో గంటకు రెండు మైళ్ళు, ఊరి బయట నాలుగు మైళ్ళు మించరాదన్నది. అది చదివి నేడు నవ్వుకుంటాం. ఆ కట్టడులు 1896లో సడలిపోయాయి. ఆ ఏడాదే ఆగస్టు 17న లండనులో బ్రిడ్జెట్ డ్రిస్కల్ అనే ఇల్లాలు మోటారు కింద పడి మరణించింది. బ్రిటనులో మోటారుకారు తాకి చనిపోయిన మొదటి పాదచారి ఆమే. అలాంటిది మళ్ళీ జరగరాదని విచారణాధికారి ఆశించాడట. ఆ ఆశ ఏమైందో చెప్పడానికి ఒక్క అంకె చాలు. 2022లో భారతదేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించారు.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. 1939లో మరొకటి, 1988లో ఇంకొకటి దాని స్థానంలోకి వచ్చాయి. 1943లో నాగపూరులో సమావేశమైన ఇంజనీర్లు దేశపు రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ శ్రేణులుగా విభజించారు. మొదట చెప్పిన మైలురాయి రంగులకు మూలం ఆ విభజనే. అది కాగితం మీద చక్కగానే ఉన్నది. పల్లె రోడ్డు జిల్లా రోడ్డులోకి, అది జాతీయ రహదారిలోకి, ఏరు నదిలో కలిసినట్లు కలుస్తుందని పటం చెబుతుంది. ఏరు నదిలో కలిసేచోట సుడిగుండం ఉంటుందని మాత్రం పటం చెప్పదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలు కరవై బొగ్గు బస్సులు నడిచాయి. చడావు వస్తే జనం దిగి తోయవలసి వచ్చేదని పెద్దలు నవ్వుతూ చెప్పుకొనేవారు. ఆ రోజులనాటి తారురోడ్డు చాలాచోట్ల ఒకే బండి పట్టేంత వెడల్పు. ఎదురు బండి వస్తే ఇద్దరూ వేగం తగ్గించి, చెరి సగం తారు వదిలి, ఎడమ చక్రాలను మట్టిలోకి దించి, ఒకరినొకరు దాటిపోవాలి. దించకుండా మొండికెత్తితే ఇద్దరికీ చేటే. డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొనేవారు. ఒక చెయ్యి పైకి లేచేది. ఆ ఇరుకు రోడ్డు మర్యాదను తప్పనిసరి చేసింది. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన తరువాత కూడా చాలాకాలం మన పల్లెల డ్రైవర్లు ఈ బడిలోనే చదువుకున్నారు.

ఇక అన్నిటికన్నా పైపొర, నాలుగు వరుసల రహదారి. స్వర్ణ చతుర్భుజి పథకంలో అయిదో నంబరు జాతీయ రహదారి విస్తరించింది. 2010లో దేశమంతటా నంబర్లు మార్చినప్పుడు అది పదహారో నంబరు అయింది. నరసన్నపేట, కోటబొమ్మాళి, టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం దీని వెంట ఉన్న ఊళ్ళు. విస్తరణకు పాత చెట్లు పోయాయి, నడిమి విభాజకం వచ్చింది, ఎదురెదురుగా ఢీకొనే భయం తగ్గింది. ఇది మేలు కాదనడం అన్యాయం. విశాఖ ఆసుపత్రికి పోవలసిన రోగికి ఆ రోడ్డు ప్రాణదానం చేసింది.

అయితే అదే రోడ్డు పొలాన్ని ఒకవైపు, ఊరిని మరోవైపు మిగిల్చింది. తాతల నాటి నుండి రోడ్డు దాటి పొలానికి పోయే రైతు ఇప్పుడు నాలుగు వరుసలు దాటాలి. కిలోమీటరు దూరంలో ఉన్న సందు దాకా పోయి తిరిగిరావడం ఇష్టంలేక ట్రాక్టరు ఎదురుదిశలో వస్తుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు ఇరవై ఎనిమిది మీటర్లు పోతుంది. కన్ను చూసి, మనసు గ్రహించి, కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికి ఒక సెకను పైనే గడిచిపోతుంది. దించిన దీపాల వెలుగు స్పష్టంగా పడేది నలభై, యాభై మీటర్ల మేర. అంటే ఆ వేగంలో రాత్రిపూట డ్రైవరు తాను చూడగలిగిన దూరం కన్నా ముందుకు పరుగెత్తుతున్నాడు. 2018లో కేంద్రం నాలుగు వరుసల రోడ్డుపై కార్లకు వంద కిలోమీటర్ల గరిష్ఠ పరిమితి ప్రకటించింది. అది గరిష్ఠం మాత్రమే గాని, వేళతో పనిలేకుండా ఆ వేగంలో పొమ్మన్న అనుమతి కాదు.

మరొక చిక్కు ఉన్నది. గంటసేపు తొంభైలో పోయిన కంటికి అరవై నత్తనడకగా తోస్తుంది. రహదారి దిగి పల్లె రోడ్డెక్కిన డ్రైవరు తాను బాగా నెమ్మదించానని నిజంగానే నమ్ముతాడు. అక్కడ పిల్లవాడు టైరు దొర్లించుకుంటూ వస్తుంటాడు. డ్రైవరుకు దురుద్దేశం లేదు, కంటికి అలవాటు తప్పింది, అంతే. కనుక రహదారి దిగగానే కంటిని నమ్మక వేగపు ముల్లును నమ్మాలి.

రోడ్డు స్వభావం హఠాత్తుగా మారేచోట ఏమవుతుందో మన సమీప చరిత్రలో అందరెరిగిన కుటుంబాలే చూశాయి. తప్పొప్పులు తేల్చడం నా ఉద్దేశం కాదు, పోయినవారి పట్ల గౌరవంతోనే చెబుతున్నాను. టెక్కలి ప్రాంతంలోని నిమ్మాడకు చెందిన, కేంద్రమంత్రిగా పనిచేసిన కింజరాపు ఎర్రన్నాయుడు గారు 2012 నవంబరు 2న, అర్ధరాత్రి దాటిన తరువాత విశాఖ నుండి వస్తుండగా, రణస్థలం దగ్గర ఆయన కారు ట్యాంకరును ఢీకొని మరణించారు. ఈ జిల్లాలో ఆయనకు తెలియని రోడ్డు ఉండదు. ఎరిగిన రోడ్డు కూడా రాత్రిపూట వేరే రోడ్డేనన్న సంగతి ఆనాడు జిల్లా యావత్తూ దుఃఖంతో తెలుసుకున్నది.

2014 ఏప్రిల్‌లో, ఎన్నికల ప్రచారం ముగించుకొని రాత్రివేళ ఆళ్ళగడ్డకు తిరిగివస్తున్న భూమా శోభా నాగిరెడ్డి గారి కారు, రోడ్డు మీది ధాన్యపు కుప్పలను తప్పించబోయి బోల్తాపడిందని వార్తలు వచ్చాయి. రైతుకు ఆ రోడ్డు కళ్ళం, కారుకు అదే రోడ్డు రహదారి. అదే ఏడాది డిసెంబరు 6న నల్లగొండ జిల్లాలో నందమూరి జానకిరామ్ గారి కారు ట్రాక్టరును ఢీకొన్నది, ఆయన దక్కలేదు. నాలుగేళ్ళ తరువాత, 2018 ఆగస్టు 29న అదే జిల్లాలో, స్వయంగా కారు నడుపుతూ వెళ్తున్న ఆయన తండ్రి హరికృష్ణ గారు ప్రమాదంలో మరణించారు. ఆయన సీటుబెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ మూడు బిందువుల బెల్టును వోల్వో సంస్థలో నీల్స్ బోలిన్ 1959లో రూపొందించాడు. ఆ సంస్థ దానిని లోకమంతటికీ విడిచిపెట్టింది. అర్ధ శతాబ్దం గడచినా మన భుజం మీదికి అది ఇంకా బరువుగానే వస్తున్నది.

పేరున్నవారివి గనుక ఈ మరణాలు మనకు గుర్తున్నాయి. ట్రాక్టరు మీదున్నవాడి పేరు, సైకిలు మీద చేపల గంప కట్టుకొని తెల్లవారుజామున రోడ్డెక్కినవాడి పేరు పత్రికలో జిల్లా పేజీ మూలన ఒక్కరోజు ఉండి పోతుంది.

మన జిల్లాల్లో కొండ రోడ్డూ ఉన్నది, నీటి రోడ్డూ ఉన్నది. సాలూరు దాటి ఒరిస్సా వైపు పోయే ఘాట్ రోడ్డు మీద పాత లారీ డ్రైవర్ల సూత్రం ఒకటి ఉండేది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. దిగుడులో బ్రేకుమీదే కాలు పెట్టుకుంటే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఇంజను చేత బండిని పట్టి ఉంచాలి. ఇరుకుచోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది చట్టంలో కూడా ఉన్నది. బరువు బండికి ఖాళీ బండి దారి ఇచ్చిన ఎడ్లబండి కాలపు నీతికి ఇది మరో రూపం. కొండ దిగుడులో నియమం తప్పితే ఏమవుతుందో 2018 సెప్టెంబరు 11న కొండగట్టు చూపింది. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలోకి జారి అరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఆ తరువాత సరిగ్గా నెలకు, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమై, చెట్లు రోడ్లకు అడ్డంపడి, జాతీయ రహదారి మీద కూడా బండ్లు నిలిచిపోయాయి. పసుపురాయి రోడ్డు ఒక్క రాత్రిలో అడవిబాట అయింది. గట్టు రోడ్ల మీద తంపర నీరు పొంగి పారేటప్పుడు రోడ్డు అంచు ఎక్కడో తెలియదు. అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేల్చగలదు, రెండడుగుల నీరు పెద్ద బండిని కూడా ఈడ్చుకుపోగలదు. బిడారువాళ్ళు పాటించిన నియమం, నీరు తగ్గేదాకా ఒడ్డున ఆగడం, నేటికీ దానికి మించిన ఉపాయం లేదు. ఇంజను ఎంత పెరిగినా గెడ్డ స్వభావం మారలేదు.

ఈ పొరలన్నిటినీ కలిపి చూస్తే నాకు తోచినది ఇది. పాత బాటల మీద భద్రత ఉమ్మడి సొత్తు. ఎద్దు మేలుకొనేది, గంట మోగేది, ఎదుటివాడు దారి ఇచ్చేవాడు, రైలు గేటు దగ్గర కాపలావాడు ఉండేవాడు. కొత్త బాట ఆ భారమంతా ఒక్క డ్రైవరు నెత్తిన పెట్టి, అతడికి వేగం మాత్రం ఇచ్చింది. దేశంలోని రోడ్ల పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు పాళ్ళే. 2022లో రోడ్డు మరణాలలో మూడోవంతుకు పైగా వాటి మీదనే సంభవించాయి. డ్రైవరు తన వంతు చేయాలి. రాయి రంగు మారినప్పుడు కాలు సడలించాలి, రాత్రి వెలుగు ఉన్నంత మేరకే పరుగెత్తాలి, నిద్ర వస్తే ఆగాలి. రోడ్డు వేసినవాడు కూడా తన వంతు చేయాలి. పల్లె రోడ్డు పెద్దరోడ్డును తాకే ప్రతి చోటా దీపం, పక్కరోడ్డు, దాటడానికి అడుగుదారి ఉండాలి. రైతుకు కళ్ళం కట్టించకుండా రోడ్డు మీద ధాన్యం పోయవద్దని చెప్పడం సగం న్యాయమే.

ఉమ్మడి బాధ్యత పూర్తిగా మాయమైందని అనను. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో 108 సేవ మొదలైంది. దెబ్బతిన్నవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవారిని వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు స్థిరపరచగా, 2019 సవరణలో అది చట్టమైంది. కేసులో ఇరుక్కుంటామని ముఖం తిప్పుకొని పోవలసిన అవసరం నేడు ఎవరికీ లేదు.

ఇదంతా భావనపాడు పేరు మీద ఎందుకు రాశానో కూడా చెప్పాలి. ఏళ్ళుగా భావనపాడు రేవు అని అనుకుంటూ వచ్చిన ఓడరేవుకు, 2023 ఏప్రిల్ 19న అదే మండలంలోని మూలపేట దగ్గర శంకుస్థాపన జరిగింది. ఓడ వచ్చే చోటికి లారీ రాక తప్పదు. ఉప్పు పెరికెలు మోసిన ఎడ్లు నడిచిన నేల మీద ముప్పై, నలభై టన్నుల బండ్లు రాత్రింబగళ్ళు నడుస్తాయి. నారింజ రాయి ఉన్న ఊళ్ళ పక్కకు పసుపురాయి వేగం వచ్చి చేరుతుంది. ఆ ఊళ్ళ పిల్లలకు వెడల్పు రోడ్డు దాటడం ఎవరూ నేర్పలేదు; ఆ లారీలు నడపబోయేవారికి ఆ ఊళ్ళ సంగతి తెలియదు. కూడళ్ళకు కావలసిన దీపాలూ దారులూ రోడ్డుతో పాటే వేస్తారో, రోడ్డు వేసి కొన్ని ప్రాణాలు పోయాక వేస్తారో, మన తీరంలో రాబోయే పదేళ్ళ చరిత్రలో ఒక భాగం దానిమీదే ఆధారపడి ఉన్నది. ఆ ఊళ్ళవారు ఇప్పుడే అడగడం మంచిది.